చూపు ఊరిది, అద్దె ఇంటిది

ఆనందపురం జంక్షన్‌కు రెండు రద్దీలు. మొదటిది తెల్లవారుజామున. చుట్టుపక్కల పల్లెల నుంచి ఆటోల్లో, బైకుల వెనక చామంతి, బంతి, లిల్లీ, కనకాంబరం దిగుతాయి. ఎండ ఎక్కేలోపు బేరాలు తెగి పూలు విశాఖ దారి పడతాయి. రెండోది శనివారం మధ్యాహ్నం. ఈసారి విశాఖ నుంచి కార్లు వస్తాయి. డిక్కీలో ఐసు పెట్టె, మసాలా పట్టించిన కోడి, వెనక సీట్లో గాలి ఊదాల్సిన ఈత బొమ్మలు. జంక్షన్ దాటి ఏదో ఒక మట్టిదారిలోకి తిరిగి మామిడితోటల వెనక మాయమవుతాయి. ఆదివారం పొద్దుగూకేసరికి మళ్లీ హైవే ఎక్కుతాయి.

ఈ రెండో రద్దీ వెళ్లి దిగే చోటుకు ఇప్పుడు చాలా పేర్లు: ఫాంహౌస్, విల్లా, కాటేజీ, హోమ్‌స్టే. వీటన్నిటికీ సరిపోయే పాత మాట మన దగ్గరే ఉంది, విడిది. మగపెళ్లివారికి ఇచ్చేది, యాత్రలో దిగేది, నాలుగు రోజులుండి ఖాళీ చేసేది. ఎంత ఖరీదైన విడిది అయినా అద్దెకిచ్చే అసలు సరుకు ఒక్కటే, చూపు. కిటికీ తెరిస్తే కొండ, వరండాలో కూర్చుంటే చెరువు, మేడెక్కితే పచ్చటి మడులు. ఆ చూపును ఎవరు తయారుచేస్తున్నారు? దాని మీద వచ్చే డబ్బు ఎవరికి చేరుతోంది? అది ఎన్నాళ్లు నిలుస్తుంది? ఆనందపురం చుట్టూ పెరుగుతున్న విడిది ఇళ్లను ఈ మూడు ప్రశ్నలతో చూడాలి.

వనభోజనం నుంచి విల్లా దాకా

ఉత్తరాంధ్రలో గాలి మార్పు కోసం ఊరు దాటడం ఇవాళ్టి అలవాటు కాదు. వాల్తేరు మిట్టల మీద తెల్లదొరలు బంగళాలు కట్టుకున్నది సముద్రపు గాలి కోసమే. గాలికొండ మీద యూరోపియన్ సైనికులకు ఆరోగ్య విడిది పెట్టాలని 19వ శతాబ్దంలో చూశారు కానీ మన్యం జ్వరం వాళ్లను నిలవనివ్వలేదు. జయపురం రాజులకు విశాఖ బీచిలో హవామహల్ ఉంది. ఇవన్నీ దొరల విడుదులు.

మామూలు జనానికి విడిది అంటే కార్తీక వనభోజనం. పోర్టు, షిప్‌యార్డు, స్టీలు ప్లాంటు కాలనీల వాళ్లు బస్సు మాట్లాడుకుని, డేగిసాలు వేసుకుని ఏ జీడితోటకో మామిడితోటకో పోయేవారు. ఉసిరి చెట్టు దొరికితే సరేసరి. తోటగలాయనకు ఎంతో కొంత ముట్టజెప్పి, ఆయన బావి నీళ్లు తోడుకుని, సాయంత్రం చెత్త ఊడ్చి వెళ్లేవారు. ఇవాళ్టి పూల్ విల్లాకు ముత్తాత ఆ తోటే.

కొండల దారి తెరిచింది రైలు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకు దించడానికి 1960లలో వేసిన కొత్తవలస–కిరండూల్ లైను 58 సొరంగాలు దాటుకుంటూ బొర్రా, అరకులను పట్నానికి దగ్గర చేసింది. ఆ తర్వాత పర్యాటక శాఖ హరిత కాటేజీలు వచ్చాయి. 2017లో అద్దాల పెట్టె విస్టాడోమ్ వచ్చింది. లంబసింగి చలి, వంజంగి మేఘాల సముద్రం ఫోన్లలో తిరిగి తిరిగి జనాన్ని కొండెక్కించాయి. అయితే అరకు వెళ్లి రావడానికి ఒక రోజు చాలదు. శనివారం సగం పూట దాకా ఆఫీసు ఉన్న కుటుంబానికి గంటలో చేరే పచ్చదనం కావాలి. అక్కడే ఆనందపురానికి గిరాకీ పుట్టింది.

రెండు చట్టాల నడుమ

దూరం తక్కువ కావడం ఒక్కటే అయితే ఈ గిరాకీ ఇంత డబ్బును లాగేది కాదు. డబ్బు ఇటు తిరగడానికి బలమైన కారణం చట్టాల్లో ఉంది. ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనడానికి వీల్లేదు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను సవరిస్తూ 1970లో వచ్చినదే అందరూ పిలుచుకునే 1/70. సమత కేసులో సుప్రీంకోర్టు 1997లో ఆ రక్షణను మరింత బిగించింది. అందుకే అరకులో, పాడేరులో కాటేజీ కనిపిస్తే దాని కింది నేల ఎవరి పేరున ఉందో అడగాల్సి వస్తుంది.

ఇటు సముద్రం ఒడ్డున తీర నియంత్రణ (సీఆర్‌జడ్) నిబంధనలు. 2019 నోటిఫికేషన్ ప్రకారం గ్రామీణ తీరంలో జనం ఒత్తుగా ఉన్నచోట పోటు గీత నుంచి 50 మీటర్లు, పలచగా ఉన్నచోట 200 మీటర్ల దాకా కట్టడాలకు వీల్లేదు. భీమిలి ఒడ్డున ఒక కాంక్రీటు గోడను హైకోర్టు ఆదేశాలతో 2024లో కూల్చారు. ఋషికొండ మీద హరిత రిసార్టు తీసేసి కట్టిన భవనాల గొడవ రాష్ట్రమంతా ఎరిగినదే. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు జాతీయ భూవారసత్వ స్థలం. 2025లో అవి యునెస్కో తాత్కాలిక జాబితాకూ ఎక్కాయి. అక్కడ ఇల్లు కట్టే ఆలోచన కూడా తప్పే.

కొండ మీద 1/70, కడలి ఒడ్డున సీఆర్‌జడ్. రెంటికీ నడుమ మిగిలిన పట్టా భూమి ఆనందపురం, పద్మనాభం, భీమిలి మండలాల పల్లపు పొలాలు. కొండ చూపూ కావాలి, కాగితమూ చెల్లాలి అనుకునే డబ్బు ఇక్కడికి రాక ఎక్కడికి పోతుంది?

దానికి తోడు దారులు కలిశాయి. చెన్నై–కోల్‌కతా 16వ నంబరు జాతీయ రహదారి ఆనందపురం మీదుగానే పోతుంది. పెందుర్తి మీదుగా అనకాపల్లికి సుమారు 51 కిలోమీటర్ల ఆరు వరసల దారి ఇక్కడే చీలుతుంది. గంభీరంలో ఐఐఎం శాశ్వత ప్రాంగణం 2024లో మొదలైంది. ఉత్తరాన భోగాపురం విమానాశ్రయం, మండలంలోనే తర్లువాడ దగ్గర గూగుల్ డేటా కేంద్రానికి భూములు. ఒక్కొక్క కబురుకూ సెంటు ధర ఒక మెట్టు ఎక్కింది.

నాలుగు రకాల విడుదులు

ఈ చుట్టుపక్కల కనిపించే విడిది ఇళ్లను నాలుగు రకాలుగా విడదీయవచ్చు. మొదటిది పెద్ద హోటలు. భీమిలి తీరాన నోవోటెల్ వంటివి. వాటికి అనుమతులు, మురుగునీటి శుద్ధి, జీతాల పట్టీలు ఉంటాయి. వాటి మంచిచెడ్డలు తేల్చడానికి వేరే వ్యవస్థ ఉంది కనుక ఇక్కడితో వదిలేద్దాం.

రెండోది సొంత తోట ఇల్లు. విశాఖ డాక్టరో, కాంట్రాక్టరో, అమెరికాలో ఉన్న కొడుకు డబ్బు పంపితే రిటైరైన తండ్రో ఒకటి రెండెకరాలు కొని కట్టుకున్నది. మొదటి ఏడాది వారం వారం వస్తారు. రెండో ఏడాది పండక్కి వస్తారు. మూడో ఏడాది అద్దెకిస్తారు. ఈ ప్రాంతంలో విలాసవంతమైన కాటేజీ అని ప్రకటనల్లో కనిపించేవాటిలో ఈ తరహావే నాకు ఎక్కువగా తగిలాయి.

మూడోది ఫాం ప్లాట్లు. పెద్ద తోటను పది, ఇరవై సెంట్ల ముక్కలు చేసి, మధ్యలో ఒక క్లబ్‌హౌసు బొమ్మ చూపించి అమ్మేవి. కొన్నవారికి నాలుగు కొబ్బరి మొక్కలు, ఒక గేటు, వాట్సాప్‌లో డ్రోను వీడియో దక్కుతాయి. సాగు ఆగిపోతుంది, ఇల్లు లేవదు. ఊరికి ఎక్కువ నష్టం చేసేది ఈ రకమే, ఎందుకంటే ఇందులో చూపు కూడా మిగలదు.

నాలుగోది రైతు ఇల్లు. ఊళ్లో తన పెంకుటింటికి రెండు గదులు చేర్చి, శుభ్రమైన బాత్రూము కట్టి, అతిథికి చోడి అంబలి, నాటుకోడి పెట్టే హోమ్‌స్టే. అరకు వైపు ఇవి కనిపిస్తాయి, ఆనందపురం వైపు అరుదు. దీని గురించి చివర్లో మళ్లీ మాట్లాడుకుందాం.

అద్దం అవతలి మిణుగురులు

ఒక మాఘమాసపు శనివారం రెండో రకం ఇంట్లో దిగాం. ఇల్లు బాగుంది, కాదనను. నల్లరాతి అరుగు, ఎత్తయిన పెంకు కప్పు, పడకగదికి గోడంత అద్దం. అద్దం అవతల కంచె, కంచె అవతల లిల్లీ మడి, దాని వెనక చిన్న గెడ్డ, ఆ వెనక కొండ. ఫోటోలో ఈ నాలుగూ ఒకే చిత్రంలో వస్తాయి. ఇల్లు అద్దెకు పోయేది ఆ ఫోటో మీదే.

తెల్లవారుజామున మూడున్నరకు మెలకువ వచ్చింది. అద్దంలోంచి చూస్తే మడిలో చిన్న చిన్న వెలుగులు కదులుతున్నాయి. మిణుగురులని పిల్లల్ని లేపాను. కాస్త కళ్లు అలవాటు పడ్డాక తెలిసింది, అవి నుదుటికి కట్టుకున్న లైట్లు. అయిదారుగురు ఆడవాళ్లు వంగి లిల్లీ మొగ్గలు కోస్తున్నారు. విచ్చకముందే కోసి జంక్షన్‌కు చేర్చాలి, లేకపోతే ధర పడిపోతుంది. అయిదింటికి బోరు మోటారు మొదలైంది. పక్క గదిలో దిగిన మా స్నేహితుడు చిరాకుగా బయటికొచ్చి కాపలా ఉండే ఆవిడను అడిగాడు.

“ఏమ్మా, ఆ మోటారు కాసేపు ఆపమని చెప్పలేవా?”

“కరెంటు వచ్చినప్పుడే కదా బాబూ తడి పెట్టుకోవాల. మీరు పడుకున్నారని పూలు ఆగుతాయేటి?”

ఆవిడ విసుక్కోలేదు, ఉన్నమాట చెప్పింది. మేం డబ్బిచ్చి చూస్తున్న పచ్చదనం ఆ మోటారు పోసిన నీళ్లతోనే పచ్చగా ఉంది. ఆ మడి ఎండితే అద్దంలో మిగిలేది తుమ్మ కంప. ఆ మడి రైతుకు మా అద్దెలో పైసా రాదు. పైగా మోటారు చప్పుడని, మందు వాసనని ఇంటి యజమాని ఆయనకు రెండుసార్లు కబురు పంపాడట.

లెక్క ఎక్కడ తేలుతుంది

యజమాని వైపు నుంచి కూడా చూద్దాం. ఊహకు ఒక లెక్క వేసుకుందాం. భూమి, కట్టడం కలిపి కోటిన్నర అయిందనుకోండి. ఇల్లు మొత్తానికి రాత్రికి 12 వేలు అద్దె. వారాంతాలే గిరాకీ కనుక ఏడాదికి వంద రాత్రులకు మించి ఆశ లేదు. వానలు, పరీక్షలు, మూఢాలు తీసేస్తే 60 నిండితే గొప్ప. అంటే 7 లక్షల 20 వేలు. కాపలా దంపతులకు నెలకు 20 వేల చొప్పున 2 లక్షల 40 వేలు, కరెంటు, నీళ్లు, మరమ్మతులకు నెలకు 15 వేల చొప్పున 1 లక్షా 80 వేలు, బుకింగు యాప్‌కు 15 శాతం చొప్పున 1 లక్షా 8 వేలు. మిగిలేది 1 లక్షా 92 వేలు. కోటిన్నర మీద నూటికి రూపాయిన్నర కూడా కాదు. బ్యాంకులో వేసినా ఇంతకు నాలుగింతలు వస్తుంది.

పన్ను సంగతి వేరు. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 దాకా ఉన్న గది అద్దె మీద జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18. ఖరీదైన విడిదికి దిగిన అతిథి ఆ తేడాను తన జేబులోంచే కడతాడు.

మరి ఎందుకు కడుతున్నారు? భూమి ధర పెరుగుతుందని. కాటేజీ ఒక సైన్‌బోర్డు, వ్యాపారం దాని కింది నేలది. దీన్ని తప్పని అనలేం, మధ్యతరగతి పొదుపు ఎటో ఒకవైపు పోవాలి. కానీ పర్యాటకం వల్ల ఊరు బాగుపడుతుందనే మాటను మాత్రం ఈ లెక్కతో సరిచూసుకోవాలి. ఊరికి చేరేది కాపలా జీతం, తోటపని కూలి, రెండు కోళ్లు. బియ్యం నుంచి బొగ్గుల దాకా మిగతావన్నీ కారు డిక్కీలోనే వస్తాయి.

ఒక ఈతకొలను ఎన్ని ట్యాంకర్లు

అన్నిటికంటే కష్టమైన ప్రశ్న నీళ్లది. ఎనిమిది మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల లోతు ఉన్న చిన్న కొలను తీసుకోండి. పట్టేది 38,400 లీటర్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు దాదాపు ఎనిమిది. మండువేసవిలో రోజుకు ఆరు మిల్లీమీటర్లు ఆవిరైనా 190 లీటర్లు గాలిలో కలుస్తాయి. ఒక్క ఇంటికి ఇది పెద్ద అంకె కాకపోవచ్చు. ఒకే గెడ్డ పరీవాహకంలో యాభై ఇళ్లకు యాభై బోర్లు దిగితే పక్క మడి బావి ముందు ఎండుతుంది.

ఇది ఊరి గొడవ మాత్రమే అనుకోవడానికి వీల్లేదు. విశాఖ తాగే నీళ్లలో తాటిపూడి, గంభీరం గెడ్డ జలాశయాల వాటా ఉంది. గోస్తని నది అనంతగిరి కొండల్లో పుట్టి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అంటే ఆదివారం కొలనులో ఈదే పట్నవాసి సోమవారం కొళాయి తిప్పి తాగేది కూడా ఈ గెడ్డల నీళ్లే. సెప్టిక్ ట్యాంకు సరిగా కట్టని ప్రతి విడిదీ తిరిగి ఆ నీళ్లనే చెరుస్తుంది.

కప్పు గురించి కూడా ఒక మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను గంటకు 180 కిలోమీటర్ల గాలితో ఈ తీరాన్ని దాటినప్పుడు చెట్లు, రేకులు, అద్దాలు ఏమయ్యాయో చూసినవారు ఇంకా ఉన్నారు. గోడంత అద్దం పెట్టేవారు ఆ రోజును గుర్తుంచుకుని చెక్క తలుపులు కూడా బిగించుకోవాలి.

కాగితాల సంగతి

కొనేవారు తరచూ జారిపడే చోట్లు మూడు. ఒకటి, అసైన్డ్ భూమి. భూమిలేని పేదలకు ఇచ్చిన ఈ భూముల బదలాయింపును 1977 చట్టం నిషేధించింది. తర్వాత సవరణలు వచ్చినా నిషేధిత భూముల 22-ఎ జాబితాలో సర్వే నంబరు ఉందో లేదో చూడకుండా బయానా ఇవ్వకూడదు. రెండు, లేఅవుటు. విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ అనుమతి లేని ఫాం ప్లాటుకు రిజిస్ట్రేషన్ జరిగినంత మాత్రాన ఇల్లు కట్టే హక్కు రాదు. మూడు, గెడ్డ పోరంబోకు, చెరువు గర్భం. ఎండాకాలం చూసి ఖాళీ స్థలమనుకున్నది ఆశ్వయుజంలో నీళ్లదని తేలుతుంది. ఈసీ, అడంగల్, 1-బితో పాటు ఎఫ్ఎంబి పటం చేతిలో పట్టుకుని వానాకాలంలో ఒకసారి నడిచి చూడటం మేలు.

అద్దెకిచ్చేవారికీ బాధ్యతలున్నాయి. విదేశీయులు దిగితే 24 గంటల్లో వివరాలు అధికారులకు చేరాలి. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన మేనల్లుడూ అందులోకే వస్తాడు.

వేల్స్ నేర్చుకున్న పాఠం

ఈ దారిలో మనకంటే ముందు నడిచిన దేశం వేల్స్. అక్కడి కొండపల్లెల్లో గొర్రెల రైతులు పాత గొడ్లసావిళ్లను బాగుచేసి రాతి కాటేజీలుగా అద్దెకిచ్చారు. చిన్న కమతాలకు అది నిజంగా ఆసరా అయింది. కానీ ఇంగ్లండు నుంచి వచ్చినవారు ఊళ్లో ఇళ్లే కొనడం మొదలెట్టాక ధరలు పెరిగి స్థానిక పడుచులకు సొంత ఊళ్లో ఇల్లు దొరకని పరిస్థితి వచ్చింది. చలికాలం వీధికి వీధి దీపం లేకుండా పోయింది. వెల్ష్ భాష మాట్లాడే ఊళ్లు పలచబడ్డాయి. ఆ కోపం హద్దు దాటింది. 1979 డిసెంబరు నుంచి 1990ల మొదటి దాకా మెయ్‌బియాన్ గ్లిన్‌దూర్ అనే రహస్య బృందం పేరున రెండు వందలకు పైగా విడిది ఇళ్లకు నిప్పు పెట్టారు.

దహనాలు దేన్నీ పరిష్కరించలేదు. పని చేసినవి పన్నులు, నియమాలు. 2023 ఏప్రిల్ నుంచి రెండో ఇంటి మీద స్థానిక మండళ్లు పన్నుకు మూడింతల దాకా అదనపు వడ్డన వేయవచ్చు. విడిది ఇల్లు వ్యాపారంగా గుర్తింపు పొందాలంటే ఏడాదిలో 252 రోజులు అద్దెకు సిద్ధంగా ఉండాలి, కనీసం 182 రోజులు నిజంగా అద్దెకు పోవాలి. తాళం వేసి ధర పెరిగే దాకా కూర్చునే ఇంటికీ, మనుషులు వచ్చిపోయే ఇంటికీ మధ్య అలా గీత గీశారు. చూపును కాపాడే ఏర్పాటు అంతకుముందే ఉంది. అక్కడి ఎరిరి కొండలు 1951 నుంచి జాతీయ పార్కు.

మన కథ సరిగ్గా అదే కాదు. అక్కడ పోయింది ఇళ్లు, ఇక్కడ పోతున్నది పొలం. అక్కడ నీటికి లోటు లేదు, ఇక్కడ బోరు లోతు ఏటేటా దిగుతోంది. అక్కడి చూపుకు చట్టం కాపలా ఉంది, ఆనందపురం లిల్లీ మడికి ఏ కాపలా లేదు. అయినా వాళ్ల గీత మనకు పనికొస్తుంది.

తీర్పు

విడిది ఇళ్లే వద్దనే వాదన ఉంది. దాన్ని ఒప్పుకోను. స్టీలు ప్లాంటు పొగ, పోర్టు బొగ్గు ధూళి మధ్య వారమంతా బతికే కుటుంబానికి రెండు రోజుల గాలి మార్పు విలాసం కాదు. ఎవరి భూమి వాళ్లిష్టం అనే వాదనా ఉంది. అదీ నిలవదు, ఎందుకంటే అద్దె వసూలు చేస్తున్నది సొంత భూమి మీద కాక పక్కవాడి పచ్చదనం మీద. ఆ పచ్చదనం బతికితేనే కాటేజీ బతుకుతుంది. ప్రతి మడీ ఒక కాటేజీ అయితే ప్రతి కాటేజీకీ కనిపించేది పక్క కాటేజీ ప్రహరీ గోడే.

అందుకే నా ఓటు నాలుగో రకానికి, రైతు ఇంటి హోమ్‌స్టేకి. కేంద్ర ప్రభుత్వ హోమ్‌స్టే పథకంలో ఆరు గదుల దాకా ఉన్న సొంత ఇంటిని నమోదు చేసుకోవచ్చు. కొత్త ప్రహరీ అక్కర్లేదు, కొలను అక్కర్లేదు. సువర్ణరేఖ మామిడి కాపు రోజుల్లో, చామంతి పూత రోజుల్లో, పద్మనాభం కొండ మెట్ల మీద కార్తీక దీపాలు వెలిగినప్పుడు ఊరే ఆకర్షణ. పర్యాటక శాఖ చేయాల్సింది ఇరవై మంది రైతు కుటుంబాలకు గదుల అప్పు, శుభ్రత శిక్షణ, బుకింగు సాయం ఇవ్వడమే.

ఉన్న కాటేజీలకు మూడు షరతులు చాలు. పొలం వైపు గోడ బదులు కంచె. కొలను ఉంటే మీటరు, ఇంకుడు గుంత. పాలు, కూరలు, కోడి, పూలు ఊళ్లోనే కొనడం. పంచాయతీ ఈ ఇళ్లను నివాసాలుగా కాక వ్యాపారాలుగా లెక్కకట్టి పన్ను వేస్తే ఆ డబ్బుతో గెడ్డ పూడిక తీయవచ్చు.

అతిథిగా వెళ్లేవారికి ఒక్క మాట. ఈసారి ఆనందపురం వైపు విడిది తీసుకుంటే ఆదివారం తెల్లారి అయిదింటికి లేవండి. మోటారు చప్పుడుకు విసుక్కోకుండా జంక్షన్ దాకా నడిచి వెళ్లి, రాత్రి మీ అద్దం అవతల కోసిన లిల్లీలు ఒక కిలో కొనండి. బేరం ఆడకండి.